త్యాగరాజ ఆరాధన: ఆడవాళ్లు పాడొద్దన్నారు.. ఆ జాగానే కొనేసిన బెంగళూరు నాగరత్నమ్మ కథ

జనవరి వచ్చిందంటే చాలు.. ఆ వీడియో ఒక్కసారైనా మీ ఫోన్‌లో కనిపిస్తుంది. కావేరి ఒడ్డున పెద్ద పందిరి. కింద వందల మంది గాయకులు. ఒకవైపు మగవాళ్లు, ఇంకోవైపు ఆడవాళ్లు, ఎదురెదురుగా వరసలు కట్టి కూర్చుంటారు. ఫిడేళ్లు, ఫ్లూట్లు, మృదంగాలు. అందరూ ఒకే గొంతుతో, ఒకే తాళంలో పాడతారు. పాట తెలుగు. ఊరు మాత్రం తమిళనాడులోని తిరువయ్యారు. పాడేవాళ్లలో చాలామందికి తెలుగు మాట్లాడటం రాదు.

అది త్యాగరాజ ఆరాధన. పుష్య బహుళ పంచమి రోజు జరుగుతుంది. మన ఆదిలాబాద్ వాళ్లకు ఈ లెక్క తేలిక. కేస్లాపూర్‌లో నాగోబా మహాపూజ పుష్య అమావాస్య రాత్రి. దానికి పది రోజుల ముందు తిరువయ్యారులో పంచరత్న కీర్తనలు.

ఆ వీడియోలో ఆడవాళ్ల వరసను ఈసారి కాస్త ఆగి చూడండి. ఒకప్పుడు ఆ వరస లేదు. ఆ సమాధి దగ్గర ఆడది నోరు విప్పి పాడటానికి వీల్లేదన్నారు. ఆ మాట పడ్డ గాయని ఊరుకోలేదు. అప్పటికే తన సొంత డబ్బుతో అక్కడ గుడి కట్టింది. స్థలం కొన్నది తనే. అయినా పాడొద్దన్నారు.

ఆమె పేరు బెంగళూరు నాగరత్నమ్మ.

వియన్నాలో ఒకరు.. తిరువయ్యారులో ఒకరు

కథలోకి వెళ్లే ముందు చిన్న పోలిక. ప్రపంచంలో బృందగానం అనగానే ఎక్కువమంది చెప్పే పేరు బీతోవెన్ తొమ్మిదో సింఫనీ. 1824 మే 7న వియన్నాలో మొదటిసారి వినిపించారు. అప్పటిదాకా సింఫనీ అంటే వాయిద్యాలే. దాని చివరి భాగంలో మనుషుల గొంతులు పెట్టి, ఒక జర్మన్ కవితను కోరస్‌గా పాడించాడు బీతోవెన్. అప్పటికి ఆయనకు చెవులు దాదాపు పూర్తిగా వినపడవు. పాట అయ్యాక జనం చప్పట్లు కొడుతుంటే ఆయనకు తెలియలేదట. గాయని కరోలిన్ ఉంగర్ ఆయన్ను పట్టుకుని జనం వైపు తిప్పిందని చెబుతారు.

అదే రోజుల్లో తిరువయ్యారులో త్యాగరాజు ఉన్నారు. 1767లో పుట్టారు. బీతోవెన్ కంటే మూడేళ్లు పెద్ద. ఇంటిపేరు కాకర్ల. తెలుగు కుటుంబం, తంజావూరు సీమలో స్థిరపడింది. ఉంఛవృత్తి చేసుకుంటూ బతికారు. తంజావూరు రాజుగారి పిలుపు వచ్చినా వెళ్లలేదంటారు. వియన్నాలో ఒకాయన, కావేరి ఒడ్డున ఒకాయన.. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

కానీ ఒక తేడా ఉంది. బీతోవెన్ తన పాటను కోరస్ కోసమే రాశాడు. మొదటి రోజే ఆ వేదిక మీద ఆడవాళ్లు పాడారు. త్యాగరాజు పంచరత్నాలను వేల మంది కలిసి పాడాలని ఎవరూ మొదట అనుకోలేదు. ఆ బృందగానం ఆయన పోయిన చాలా ఏళ్లకు, బోలెడు గొడవల తర్వాత పుట్టింది. ఆ గొడవల మధ్యలో ఉన్న మనిషే నాగరత్నమ్మ.

ఎవరీ నాగరత్నమ్మ?

1878 నవంబర్ 3న మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టింది. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి. తండ్రి సుబ్బారావు వకీలు. బిడ్డ పుట్టాక ఆయన ఇద్దరినీ వదిలేశాడు. చేతిలో ఏమీ లేని ఆ తల్లికి మైసూరు సంస్కృత పండితుడు గిరిభట్ట తిమ్మయ్య నీడ ఇచ్చారు. పిల్లకు సంస్కృతం నేర్పారు. చిన్నప్పుడే శ్లోకాలు గడగడా చదివేది. కొన్నాళ్లకు అక్కడా మనస్పర్థలు వచ్చాయి. పుట్టలక్ష్మి బిడ్డను తీసుకుని మైసూరు వదిలింది. పిల్ల పెద్ద విద్వాంసురాలైతేనే మళ్లీ ఈ ఊళ్లో అడుగు పెడతానని పట్టు పట్టిందట.

బెంగళూరులో మునుస్వామప్ప దగ్గర సంగీతం. ఈయనది వాలాజాపేట శిష్య పరంపర. అంటే త్యాగరాజు దగ్గర స్వయంగా నేర్చుకున్న వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ నుంచి వచ్చిన దారి. నాగరత్నమ్మ గొంతులోకి త్యాగరాజు పాట అలా చేరింది. ఆమెకు పద్నాలుగేళ్లప్పుడు తల్లి పోయింది. మరుసటి ఏడాదే కచేరీలు మొదలుపెట్టింది. మైసూరు ఆస్థానంలో పాడింది. తల్లి పట్టిన పట్టు నెరవేరింది, చూడటానికి తల్లే లేదు.

తర్వాత మద్రాసు. కన్నడ పిల్ల, తెలుగు పాట, తమిళ నగరం. సంస్కృతం సరేసరి. హరికథ చెప్పేది. గ్రామఫోన్ రికార్డులు ఇచ్చింది. ఆదాయపు పన్ను కట్టేంత సంపాదన ఉండేది. అప్పట్లో ఒక గాయనికి సొంత ఇల్లు, సొంత నగలు, సొంత సంతకం ఉండటం చిన్న విషయం కాదు.

దేవదాసి అనే మాట దగ్గర ఒక్క నిమిషం. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో జోగిని ఆచారం గురించి తెలిసినవాళ్లకు ఈ పదం వినగానే వేరే బొమ్మ కనిపిస్తుంది. పేద దళిత ఇళ్ల ఆడపిల్లలను ఊరికి వదిలేసిన దుర్మార్గం అది. దాన్ని ఆపడానికి 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. నాగరత్నమ్మ కాలపు ఆస్థాన దేవదాసీల సంగతి కొంచెం వేరు. వాళ్లకు చదువుంది, ఆస్తి హక్కుంది, సంగీతం నాట్యం వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. గౌరవం మాత్రం కచేరీ అయ్యేదాకే. పాట వినడానికి అందరూ వస్తారు. పక్కన కూర్చోమంటే ఎవరూ కూర్చోరు.

పుస్తకం మీద పోలీసులు

తిరువయ్యారు గొడవ కంటే ముందు ఆమెకు ఇంకో గొడవ ఉంది. అది మన తెలుగు పుస్తకం గురించే.

పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి ఉండేది. ఆమె కూడా దేవదాసి కులమే. రాధికా సాంత్వనము అనే కావ్యం రాసింది. రాధాకృష్ణుల ప్రేమ కథ, శృంగారం ఉంటుంది. అందులో కోరిక రాధది, అలక రాధది, బతిమాలడం కృష్ణుడి వంతు. అప్పటికి ఒక ముద్రణ ఉంది కానీ పద్యాలు కత్తిరించేశారు. ముద్దుపళని తన తల్లి గురించి, అమ్మమ్మ గురించి చెప్పుకున్న పద్యాలు కూడా ఎగిరిపోయాయి. నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించింది. అచ్చు పుస్తకంతో పోల్చి చూసింది. మొత్తం పద్యాలతో 1910లో వావిళ్ల వారి చేత అచ్చు వేయించింది.

అప్పటికే కందుకూరి వీరేశలింగం పంతులుగారు ముద్దుపళనిని సిగ్గులేని రాతలు రాసిందని తప్పుపట్టారు. నాగరత్నమ్మ తన ముందుమాటలో పేరు పెట్టి మరీ ఎదురు ప్రశ్న వేసింది. మగ కవులు ఇంతకంటే పచ్చిగా రాసినప్పుడు రాని సిగ్గు, ఆడది రాస్తేనే ఎందుకు వచ్చిందన్నది ఆ ప్రశ్న సారాంశం. సంస్కర్తగా దేశమంతా దండం పెట్టే పెద్దాయనను ఒక దేవదాసి అచ్చులో నిలదీసింది. ఊహించుకోండి.

1911లో పోలీసులు దిగారు. పుస్తకం అశ్లీలమని కాపీలు పట్టుకున్నారు. నిషేధం పడింది. పండితులు అర్జీలు పెట్టినా బ్రిటిష్ సర్కారు వినలేదు. ఆ నిషేధం తొలగడానికి టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధాని అయ్యేదాకా ఆగాల్సి వచ్చింది. 1947 నాటికి గానీ పుస్తకానికి విడుదల రాలేదు. అచ్చు వేసినప్పుడు ఆమెకు 32 ఏళ్లు. విడుదలయ్యేసరికి డెబ్బై దగ్గర పడ్డాయి.

ఒక ఉత్తరం.. అన్నీ మార్చేసింది

త్యాగరాజు 1847 జనవరి 6న కన్నుమూశారు. చివర్లో సన్యాసం తీసుకున్నారు కాబట్టి దహనం లేదు. కావేరి ఒడ్డున సమాధి కట్టారు. శిష్యులు ఎక్కడివాళ్లు అక్కడ సర్దుకున్నాక అటు చూసేవాళ్లు లేకపోయారు. 1903లో ఉమయాల్‌పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ అనే ఇద్దరు శిష్యులు వెళ్లి చూస్తే చుట్టూ పొదలే. అప్పటికి వాళ్లిద్దరూ ముసలివాళ్లు. బాగు చేయించి, ఏటా ఆరాధన జరిగేలా చూశారు.

ఆ ఉత్సవం కాస్త ఊపు అందుకోగానే గొడవలు మొదలయ్యాయి. ఎవరు నడపాలి, ఎవరి పేరు ముందుండాలి.. ఊరి జాతర దగ్గర కమిటీలు కొట్టుకున్నట్టే. తిల్లైస్థానం నరసింహ భాగవతార్‌ది ఒక జట్టు, ఆయన తమ్ముడు పంజు భాగవతార్‌ది ఇంకో జట్టు. తమిళంలో పెరియ కచ్చి, చిన్న కచ్చి అన్నారు. అంటే పెద్ద వర్గం, చిన్న వర్గం. ఎవరి ఆరాధన వాళ్లది, ఎవరి సంతర్పణ వాళ్లది. రెండు వర్గాలకూ ఒక్క విషయంలో మాత్రం తేడా లేదు. ఆడవాళ్లు పాడకూడదు. అప్పట్లో కచేరీ చేసే ఆడవాళ్లంటే దాదాపు అందరూ దేవదాసీలే. అదీ అసలు కారణం.

ఇంతా చేసి సమాధి సంగతి? ఉత్సవం నాడు హడావిడి, మిగతా రోజుల్లో చెత్త. మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్ప అక్కడికి వెళ్లి చూసి, ఆ దుస్థితిని వివరిస్తూ నాగరత్నమ్మకు ఉత్తరం రాశారు. ఆయనంటే ఆమెకు గురుభావం. ఇది 1921 నాటి మాట. తర్వాత త్యాగరాజు కలలోకి వచ్చారని ఆమె చెప్పుకునేది. కల సంగతి ఎలా ఉన్నా, చేసిన పని మాత్రం రికార్డులో ఉంది. తిరువయ్యారు వెళ్లింది. స్థలం ఎవరిదో ఆరా తీసింది. కొన్నది. శంకుస్థాపన చేసింది.

డబ్బు ఎక్కడిది? నగలు అమ్మింది. కచేరీలు చేసింది, హరికథలు చెప్పింది, వచ్చినదంతా అక్కడే పోసింది. 1926 జనవరిలో గుడికి కుంభాభిషేకం జరిగింది. సమాధి మీద త్యాగరాజు విగ్రహం నిలబెట్టింది. అర్చనకు పనికొచ్చేలా ఆయన మీద సంస్కృతంలో అష్టోత్తరం, అంటే నూట ఎనిమిది నామాలు, తనే రాసింది.

సరే, గుడి కట్టింది కదా, ఇక పాడనిస్తారనుకుంది. అడిగింది. కుదరదన్నారు.

మూడో జట్టు

చాలామంది అయితే ఇంటికొచ్చి ఏడ్చి ఊరుకునేవాళ్లు. లేదంటే కోర్టుకెక్కేవాళ్లు. నాగరత్నమ్మ 1927లో సొంతంగా ఆరాధన మొదలుపెట్టింది. గుడి ముందు మగవాళ్లు పాడుకుంటే, వెనకవైపు ఆడవాళ్లు. గాయనులను పిలిచింది. దేవదాసి కుటుంబాల విద్వాంసురాళ్లు వచ్చి పాడారు. జనం దానికి పెణ్గళ్ కచ్చి అని పేరు పెట్టారు, ఆడవాళ్ల జట్టు అని.

ఇక్కడే పట్టా పని చేసింది. పూజ ఏర్పాట్లు, గుడి నిర్వహణ ఆమె చేతిలో. మిగతా రెండు జట్లు లోపలికి వచ్చి తమ వంతు పూజ చేసుకోవాలన్నా ఆమెతో మాట్లాడుకోక తప్పదు. పాడనివ్వనివాళ్లు, పాడటానికి ఆమె గడప తొక్కాల్సి వచ్చింది. పదమూడేళ్లపాటు ఒకే సమాధికి మూడు ఆరాధనలు. చదువుతుంటే నవ్వొస్తుంది. అప్పటివాళ్లకు మాత్రం రోషాల విషయం.

చివరికి ఐసీఎస్ అధికారి ఎస్.వై. కృష్ణస్వామి, ప్రముఖ గాయకుడు ముసిరి సుబ్రమణ్య అయ్యర్ లాంటివాళ్లు పూనుకుని 1940లో అందరినీ ఒక్క తాటి మీదికి తెచ్చారు. త్యాగబ్రహ్మ మహోత్సవ సభ ఏర్పడింది. ఆడవాళ్లు కూడా పాడొచ్చని ఒప్పుకున్నారు. నాగరత్నమ్మకు అప్పటికి అరవై దాటాయి.

బృందగానం ఎలా పుట్టింది?

కలిసిపోయాక కొత్త తలనొప్పి. అందరూ ఆ ఒక్కరోజే, ఆ సమాధి ముందే పాడాలంటారు. విద్వాంసులు వందల మంది. ఎవరు ముందు, ఎవరు వెనక? వంతులు వేస్తే మళ్లీ పెరియ కచ్చి, చిన్న కచ్చి మొదలు. దీనికి దొరికిన దారే గోష్ఠి గానం. అందరూ కలిసి ఒకేసారి పాడాలి. హరికేశనల్లూర్ ముత్తయ్య భాగవతార్ లాంటి పెద్దల సలహాతో 1940ల మొదట్లో పంచరత్నాలకు ఆ చోటు దక్కింది.

ఎందుకు పంచరత్నాలే? దీనికి సంగీత కారణం ఉంది. మామూలుగా కర్ణాటక కచేరీలో ఒక కీర్తన తీసుకుంటే గాయకుడు తన ఊహతో దాన్ని పెంచుకుంటూ పోతాడు. ఒక లైను పట్టుకుని రకరకాలుగా తిప్పుతాడు, స్వరాలు అల్లుతాడు. అది ఒక్కడి ఆట, వందమంది కలిసి ఆడలేరు. పంచరత్నాలు అలా కాదు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ.. ఐదు ఘనరాగాలు. ఐదూ ఆదితాళమే. పల్లవి, అనుపల్లవి తర్వాత చరణాలు వరసగా వస్తాయి. ప్రతి చరణానికీ ముందు స్వరం, తర్వాత అదే వరస మీద మాట. మొత్తం త్యాగరాజే అల్లి పెట్టారు, గాయకుడు కొత్తగా కలపాల్సిందేం లేదు. నేర్చుకున్నవాళ్లు ఎంతమంది ఉన్నా ఒకేలా పాడొచ్చు. ఐదు కలిపి దాదాపు గంట.

మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. గౌళ రాగంలోది మొత్తం తనను తాను తిట్టుకోవడమే, ఇన్ని తప్పులు చేసిన నన్ను ఎవరు కాపాడతారని. వరాళి రాగాన్ని గురువు ఎదురుగా కూర్చోబెట్టి నేర్పకూడదనే నమ్మకం ఒకటి ఉంది. నేర్పితే గురుశిష్యులకు చెడుతుందట. అందుకే ఆ కీర్తనను విని పట్టుకున్నవాళ్లే ఎక్కువ. ఇక చివరిది శ్రీరాగంలోది, ఎందరో మహానుభావులు. సంగీతం రానివాళ్లు కూడా గుర్తుపట్టేది అదే.

మన దగ్గర బతుకమ్మ ఆడేటప్పుడు ఒకామె అందుకుంటే మిగతావాళ్లు అదే మళ్లీ పాడతారు. ఒగ్గు కథలో కథకుడి మాటను వెనక ఉన్నవాళ్లు అందుకుంటారు. కలిసి పాడటం మనకు కొత్త కాదు. శాస్త్రీయ సంగీతంలోనే అది అరుదు. ప్రతి విద్వాంసుడూ ఒంటరి రాజు. అలాంటివాళ్లను పేరు, వంతు లేకుండా నేల మీద వరసలో కూర్చోబెట్టింది తిరువయ్యారు గొడవే.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. పంచరత్న గోష్ఠిని నాగరత్నమ్మే కనిపెట్టిందని కొన్ని వీడియోల్లో చెప్పేస్తున్నారు. అది నిజం కాదు. ఆ ఏర్పాటు పెద్ద విద్వాంసులందరూ కూర్చుని చేసుకున్నది. ఆమె చేసింది వేరే. వాళ్లు కూర్చున్న నేల ఆమెది. ఆ నేల మీద ఆడవాళ్లకు ఒక వరస ఉండాలని పదమూడేళ్లు పట్టు విడవనిది ఆమె.

ఆఖరి సంతకం

చివరి ఏళ్లు ఆమె తిరువయ్యారులోనే గడిపింది. మద్రాసులో అంత పేరు, అంత ఇల్లు చూసిన మనిషి సమాధి పక్కన సాదాసీదాగా బతికింది. విద్యాసుందరి, గానకళా విశారద అని ఎన్నో బిరుదులున్నా, త్యాగసేవాసక్త అనిపించుకోవడమే ఎక్కువ ఇష్టమంటారు. ఈలోగా బయట లోకం మారిపోయింది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీలుగా అర్పించడాన్ని నిషేధించింది. ఆమె పుట్టిన వ్యవస్థ చట్టప్రకారం ముగిసింది. కచేరీ వేదికల మీదికి కొత్త కుటుంబాల ఆడపిల్లలు వచ్చారు. పాత గాయనుల పేర్లు మెల్లగా వెనక్కి జరిగాయి.

ఆమె మాత్రం మర్చిపోలేదు. వీలునామా రాసి తన ఆస్తిని ట్రస్టు కింద పెట్టింది. అందులో ఒక షరతు ఉంది. ఆ సమాధి దగ్గర ఆడవాళ్లు, దేవదాసి కులం వాళ్లు కూడా పాడటానికి, పూజ చేయడానికి హక్కు ఉండాలి. మాట మీద వదిలేయలేదు. కాగితం మీద పెట్టింది.

1952 మే 19న కన్నుమూసింది. అదే ఏడాది వావిళ్ల వారు రాధికా సాంత్వనమును మళ్లీ అచ్చు వేశారు.

త్యాగరాజు సమాధికి దగ్గర్లోనే ఆమెకూ సమాధి కట్టారు. విగ్రహం ఉంది. కూర్చుని, చేతులు జోడించి, ఎదురుగా ఉన్న త్యాగరాజు గుడినే చూస్తున్నట్టు ఉంటుంది. ఏటా పుష్య బహుళ పంచమి పొద్దున నాటరాగం మొదలవుతుంటే, పాట ఆమెకు ఎదురుగానే వినిపిస్తుంది.